ఎడమ పక్క జాగ

చంద్రమౌళి మూడో అంతస్తుకు పిట్టగోడ లేపిన కాడినుంచి సదానందానికి మెడ పట్టేసింది. డాక్టరు దిండు మార్చమన్నడు. మందుల దుకాణపాయన ఏదో పచ్చ నూనె ఇచ్చిండు. ఇద్దరికీ అసలు సంగతి తెల్వది. తెలిసింది ఆయన భార్య ఇందిరమ్మ ఒక్కదానికే. మగ్గం గుంతల ఆయన కూసునేది ఎడమ పక్క, వాకిలి దిక్కు. ఆ వాకిట్లకెళ్లి సూస్తే ఎదురుంగ చంద్రమౌళి బిల్డింగు. ఒక్క వరుస నేసుడు, మెడ తిప్పి బిల్డింగు సూసుడు. మళ్ళ ఒక్క వరుస, మళ్ళ బిల్డింగు. పొద్దంత గిట్ల తిప్పితే ఎవరి మెడైనా పట్టేస్తది మరి.

చంద్రమౌళి పరాయోడు గాదు. ఇందిరమ్మకు పెదనాయిన కొడుకు, సదానందానికి బావ. ఒకప్పుడు ఇదే కొత్తవాడల ఇసొంటి గుంతలనే కూసోని జంపఖానాలు నేసినోడు. మగ్గం అమ్మేసి పవర్‌లూములు పెట్టిండు, కలిసొచ్చింది. ఇప్పుడు మెట్లకు గ్రానైటు, గేటుకు స్టీలు, గేటు లోపల కారు. పొద్దుగూకంగ లుంగీ కట్టుకోని వచ్చి సదానందం ఇంటి గడప మీద కూసుంటడు. ఎక్కువ మాట్లాడడు. వీళ్ళు నేస్తాంటే సూసుకుంట కూసుంటడు. ఎప్పుడన్న ఒకసారి చెయ్యి చాపి, జర పంజా ఇటియ్యి బావా, ఒక్క వరుస కొడ్త అంటడు. సదానందం ఇయ్యడు. తన కలిమి పక్కన వీళ్ళ లేమి ఎంతున్నదో కొలుసుకునేటందుకు వస్తాండని ఆయన నమ్మకం.

లేమి అన్న మాట ఇందిరమ్మ కాడ అన్నరనుకో, అయిపోయిన్రన్న మాటే. రెండర్రలైనా ఇల్లు సొంతం. రేకులు కురువయి. ఒక్క బిడ్డ మహిత మరిపెడ కాడ సర్కారు బడిల టీచరు, తన కాళ్ళ మీద తను నిలబడ్డది. మగ్గం మీదికెళ్లి ఒక జంపఖానా దిగకముందే ఇంకోదానికి అడుగుతాన్నరు. రాత్రి పండుకుంటే నిద్ర పడతాంది. ఇంకేం గావాలె అని ఆమె అడుగుతది. సదానందం వాకిట్లకు సూస్తడు.

అప్పుడు మగ్గం మీదున్నది మహిత వాళ్ళ బడి జంపఖానా. చలికాలం పొద్దుగాల పిల్లలు బండల మీద కూసుంటే కిందికెళ్లి చలి ఎక్కుతాందని టీచర్లు, పిల్లల తల్లిదండ్రులు కలిసి చెప్పిన్రు. తొమ్మిదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు. ఎర్ర పట్టె, నీలి పట్టె, నడుమ తెల్ల పూలు. ఇరవై ఆరు జనవరి జెండా పండుగకు పిల్లలందరు దాని మీదనే కూసోవాలని మహిత పట్టు. సంక్రాంతి ఇంకా వారం ఉన్నదనంగ సగం కంటె ఎక్కువే అయ్యింది.

తొమ్మిదడుగుల మగ్గం ఒక్కరితోని నడువది, చేతులు అందయి. ఎడమ సగం ఒకరిది, కుడి సగం ఒకరిది. ఎవరి దారం వాళ్ళు నడుమ దాక తెస్తరు. నడుమకొచ్చినంక రెండు దారాలను ఒకదాంట్ల ఒకటి కొక్కెం లెక్క తగిలిచ్చి, మళ్ళ ఎవరిది వాళ్ళు ఎనుకకు తీస్కపోతరు. అప్పుడు ఇద్దరు ఒక్కపారే పంజా ఎత్తాలె. ఇనుప పండ్లున్న దువ్వెన అసొంటిది అది, దాంతోని కొడితె దారం కిందికి దిగి బిగుస్తది. ఒకరు గట్టిగ, ఒకరు మెల్లగ కొట్టిన్రనుకో, వరుస ఏటవాలైతది. పది వరుసలు గట్లనే పోతె జంపఖానా ఒక దిక్కు గుంజుకపోతది. ఇక ఊడదీసుడు తప్ప వేరే మందు లేదు. సదానందం, ఇందిరమ్మ ముప్పై ఏండ్ల సంది ఎన్నోసార్లు కొట్లాడుకున్నరు, వారం దినాలు మాటలు బందైనయి సుత ఉన్నయి. ఎన్ని మాటలు బందైనా పంజా మాత్రం కలిసే కొట్టిన్రు.

ఆ ఆదివారం పొద్దున వినయ్ వచ్చిండు. బట్టల బజార్ల మూడు తరాల వ్యాపారం ఉన్న ఇంటి పిలగాడు, ముప్పై ఏండ్లుంటయో లేవో. మనిషి మర్యాదస్తుడు, చెప్పులు బయటనే ఇడిచి లోపలికొచ్చిండు. సుబేదారి రోడ్డు మీద కొత్త షోరూం తెరిచిండట. మేడారం జాతరకు పోయే జనం, వచ్చే జనం అంత ఆ తొవ్వనే పోతరు గదా, వాళ్ళు ఆగి సూసెతట్టు అద్దం ఎనుక ఒక చిన్న మగ్గం పెట్టిచ్చిండట. దాని మీద కూసోని నేస్తందుకు ఒక పెద్ద మనిషి కావాలె. నెలకు ముప్పై వేలు. ఆరు నెలలైనంక హైదరాబాద్‌ల ఇంకో షోరూం, దాంట్ల వాటా.

“మీ ఫోటో పెద్దగ పెట్టిస్త అంకుల్,” అన్నడు వినయ్. “కింద మాస్టర్ వీవర్ సదానందం అని రాపిస్త.”

సదానందం మనసు అప్పటికే ఇంటి మీది రేకులు పీకేసింది. స్లాబు పోసింది. స్లాబు మీద ఒక అంతస్తు, దాని మీద ఇంకో అంతస్తు, దాని మీద ఇంకోటి లేపింది. నాలుగో అంతస్తు కాడ ఆగింది. ఎందుకంటె చంద్రమౌళివి మూడే. ఆశ లావు, పీక సన్నం అంటరు గదా, ఆ పొద్దు సదానందం గొంతు దిగి చాయ్ సుత పోలే.

వినయ్ పోయినంక ఇందిరమ్మ అరుస్తదని ఆయన కాసుకోని కూసున్నడు. ఆమె అరువలే. కండెకు దారం చుట్టుకుంటనే ఉన్నది. చుట్టుడైనంక కండెను పక్కన పెట్టి మొగని మొఖం దిక్కు సూసింది.

“పోయి రా,” అన్నది. “పోకపోతె నీ మెడ ఈ జన్మల దిగది.”

“మరి బడి పిల్లలది?”

“కుడి సగం నాది. ఎడమ సగానికి ఎవరినన్న సూసుకుంట.”

ఆ ఎవరినన్న అన్న మాట సదానందానికి ముల్లు లెక్క గుచ్చుకున్నది. ముప్పై ఏండ్లు కూసున్న జాగ, ఎవరన్న కూసోవచ్చట. సరే కూసోనియ్, ఎరుకైతది అనుకున్నడు. సోమవారం పొద్దున నున్నగ గడ్డం గీసుకోని ఆటో ఎక్కిండు.

షోరూం సల్లగున్నది. నేల మీద మొఖం కనవడుతాంది. గోడలకు జంపఖానాలు, తివాచీలు వేలాడదీసిన్రు, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క లైటు. కూసునేటివాటిని గోడకెక్కిచ్చుడేందో ఆయనకు సమజ్ కాలే, కాని సూడ ముచ్చటగనే ఉన్నది. లోపలి అర్రల ఆయనకు కొత్త బట్టలిచ్చిన్రు. తెల్ల ధోతి, తెల్ల లాల్చి, భుజం మీదికి ఎర్ర తువ్వాల. ఇంట్ల లుంగీ బనీను మీద నేసే మనిషి అద్దంల తనను తాను సూసుకోని పెండ్లికొడుకు తండ్రి అసొంటోన్ని అయిన అనుకున్నడు. కండ్లద్దాలు మాత్రం తీయమన్నడు వినయ్. ఫోటోల పాతకాలపు మనిషి లెక్క ఉండాలెనట. కండ్లద్దాలు లేకుంటె ఆయనకు దారం ఆనది. ఆ సంగతి చెప్తె, మీకు చేతులే కండ్లు గదా అంకుల్ అని నవ్విండు పిలగాడు. అదీ నిజమే అనుకోని సదానందం తీసి జేబుల పెట్టుకున్నడు.

మగ్గం చిన్నది, రెండు జానల వెడల్పు. దాని మీద సగం నేసిన నెమలి. ఆయన పొద్దంత నేసిండు, నాలుగంగుళాలు పైకి పోయింది. జనం అద్దం బయట ఆగిన్రు, ఫోన్లు తీసిన్రు. ఒక పిల్ల లోపలికొచ్చి పక్కన నిలబడి వీడియో తీసుకున్నది. గంట గంటకు గాజు కప్పుల చాయ్. ఇందిరమ్మ సూస్తె ఎంత బాగుండు అనుకున్నడు, చంద్రమౌళి సూస్తె ఇంకెంత బాగుండు అనుకున్నడు.

పొద్దుగూకినంక వినయ్ వచ్చి, ఆ నాలుగంగుళాలు తీసేయి అంకుల్ అన్నడు. సదానందానికి అర్థం కాలే. ఏమన్న తప్పు వచ్చిందా అని అడిగిండు. తప్పేం లేదట. నెమలి ఎప్పుడు సగమే ఉండాలెనట. మెడ దాక ఉంటేనే ఫోటోల మంచిగుంటదట, నేసుకుంట పోతె నాలుగు దినాలల్ల ముక్క అయిపోతది, మళ్ళ పడుగు కట్టాలె, ఎవరు కట్టాలె. అందుకని పొద్దున నేసుడు, పొద్దుగూకి ఊడదీసుడు. జీతం మాత్రం జీతమే. సదానందం ఒక్కొక్క దారం గుంజిండు. తప్పు నేసినప్పుడు ఊడదీసుడు ఆయనకు అలవాటే, చిన్నప్పుడు ఆయన నాయిన నెత్తి మీద మొట్టి మొట్టి ఊడదీపిచ్చిండు. తప్పు లేని వరుస ఊడదీసుడు అదే మొదటిపారి. వేళ్ళు ఊకె ఆగుతాన్నయి.

ఇంటికి పోయినంక ఇందిరమ్మ ఎట్లున్నదని అడిగింది. సల్లగున్నదని చెప్పిండు. నువ్వెవరిని సూసుకున్నవ్ అని అడుగుదామనుకున్నడు గని అభిమానమడ్డమొచ్చింది. మగ్గం మీద గుడ్డ కప్పి ఉన్నది. ఎత్తి సూడలే.

మంగళవారం ఇంకో ముచ్చట. గోడ మీదివి సూపిచ్చి, ఇవన్నీ మీరే నేసినరా అని ఎవరో దంపతులు అడిగిన్రు. సదానందం నోరు తెరిచేలోపట్నే వినయ్ అందుకోని, మా మాస్టర్ వీవర్ చేతి పనే అన్నడు. సదానందం నవ్విండు. అవుననలే, కాదనలే, ఊకె నవ్విండు. వాళ్ళు పోయినంక లేచి, దగ్గరున్న ఒకదాని అంచు తిప్పి సూసిండు. కండ్లద్దాలు లేకున్నా వేలికి తెలిసిపోయింది. ముందు దిక్కు నున్నగున్నది, ఎనుక దిక్కు తెగిన దారాలు. చేత్తో నేసిన జంపఖానాకు ముందు ఎనుక ఉండది. తిప్పేసినా అదే పువ్వు, బోర్లేసినా అదే పువ్వు. ఇవన్నీ ఏడనో మిషన్ మీద గుద్దినయి. ఒక్క తనే అండ్ల చేతి పని, అదీ పొద్దుగూకితె ఊడదీసెదే. ఇంట్ల ఈగల మోత, బయట పల్లకి మోత అని ఇందిరమ్మ నోట ఎన్నోసార్లు విన్న మాట యాదికొచ్చింది. అయినా బుధవారం మళ్ళ ఆటో ఎక్కిండు. మూడంతస్తులు కండ్ల ముందరున్నయి మరి.

బేస్తవారం మధ్యాహ్నం ఒక ముసలామె వచ్చింది. డెబ్బై దాటినయి, నీలంచు తెల్ల చీర, చేతిల గుడ్డ సంచి. లక్ష్మి అట పేరు, సుబేదారిలనే ఉంటదట. దవాఖానల నర్సుగ చేసి ఎప్పుడో రిటైరైందట. శుక్రవారం శుక్రవారం ఇంట్ల పది మంది ఆడోళ్ళు భజనకు కూసుంటరు, చాపలు చినిగిపోయినయి, కింద ఏసెటందుకు ఒక మంచి జంపఖానా కావాలని అడిగింది. సూసి సూసి నెమళ్ళున్న ఎర్రదాని మీద చెయ్యేసింది. ధర ఇనంగనే చెయ్యి తీసింది. కొంచెం సేపు ఆలోచన చేసి, సంచి పట్టుకోని మగ్గం కాడికి వచ్చింది.

“నువ్వేనా నేసింది తమ్మీ?”

వినయ్ అటు దిక్కు నిలబడి సూస్తాండు. సదానందం తల ఊపిండు.

ఆమె ఒంగి ఆయన కుడి చేయి పట్టుకున్నది. అరచేతిల పంజా పట్టిన కాడ బొబ్బలు గట్టిపడి ఉంటయి, వాటి మీద బొటనవేలు పెట్టి రుద్దింది.

“ముప్పై అయిదేండ్లు మంది చేతులు పట్టుకొనే బతికిన. గిసొంటి చెయ్యి అబద్ధమాడది. నీ చేతులు సల్లగుండ,” అన్నది. అని పోయి పైసలు కట్టింది.

చెయ్యి అబద్ధమాడలే, నిజమే. ఆడింది తల. సదానందం మగ్గం దిక్కు సూసుకుంట కూసున్నడు గని దారం ఎటు పోతాందో తెలుస్తలేదు. ఆమె పట్టుకున్న చెయ్యి ఆయనదే అయినా ఎవరిదో అనిపిచ్చింది. అంతల ఆమె మూట మోసేటందుకు ఎవరన్న ఉన్నరా అని అడగంగ ఇన్నడు. లేచి, ఎర్ర తువ్వాల భుజం మీదికెళ్లి తీసి మగ్గం మీద పెట్టి, మూట ఎత్తుకోని ఆమె ఎంబడి బయటికి పోయిండు.

ఆటో ఆగింది. మూట లోపల పెట్టకుండనే నిలబడ్డడు. ఆటోపిలగాడు పెట్టు పెట్టు అంటాండు.

“అమ్మా, ఇది నేను నేసింది గాదు,” అన్నడు. “మిషన్‌ది. చేత్తో నేసినదానికి ముందు ఎనుక ఉండది. దీన్ని తిప్పి సూడు.”

ఆమె మూట కొన ఇప్పి తిప్పి సూసింది. తెగిన దారాలు వేలితోని తడిమింది. తరువాత ఆయన మొఖం దిక్కు సూసింది. కోపం చేస్తదనుకున్నడు. ఆమె రోగిని అడిగినట్టు మెల్లగ అడిగింది.

“మరి లోపల తలెందుకు ఊపినవ్?”

“ఆశకమ్మా.”

ఆమె ఆటోను పొమ్మని, మూట ఆయనతోనే మోపిచ్చుకోని మళ్ళ లోపలికి పోయింది. వినయ్ గొడవ చేయలే, మంది ముందర పైసలు వాపస్ ఇచ్చిండు. ఖాళీ సంచి పట్టుకోని బయటికి పోతపోత ఆమె సదానందం కాడ ఆగింది.

“దీవెన మాత్రం వాపస్ తీసుకోను తమ్మీ. చేతులకే ఇచ్చిన. దానికి తగ్గది ఏదన్న నెయ్యి,” అన్నది. కొత్తవాడల ఇల్లెక్కడో అడిగి తెలుసుకోని మెట్లు దిగింది.

వినయ్ ఆయనను లోపలి అర్రలకు తీస్కపోయిండు. గట్టిగ మాట్లాడలే ఆ పిలగాడు. అంకుల్, మీరొక జంపఖానా నేస్తే నెల పడుతది, నేను దినానికి పది అమ్మాలె, కిరాయి ఉన్నది, కరెంటున్నది, పనోళ్ళున్నరు, చేతి పని మీద ఒక్కటే బతికితె ఈ అద్దాలు ఎట్లొస్తయి అని చెప్పిండు. అండ్ల అబద్ధం సుత లేదు. అయ్యిందేదో అయ్యింది, ఆరు నెలలు అక్కెరలేదు, వచ్చే నెలనే హైదరాబాద్ షోరూం మీ పేరు మీద మొదలుపెడ్త అన్నడు. సదానందం ఆలోచన చేస్త అన్నడే గని కాదనలే. నిజం చెప్పాలంటె ఆ మాటకు లోపల స్లాబు మళ్ళ లేచింది. మనసు ఒక్క దెబ్బకు మారితె లోకంల ఇన్ని బాధలెందుకుంటయి.

వచ్చి మగ్గం కాడ కూసున్నడు. పొద్దు వాలుతాంది, ఊడదీసే యాళ్ళయింది. మొదటి దారం కొన పట్టుకున్నడు. ఆ పొద్దటి నాలుగంగుళాలల్ల నెమలి మెడ దాటి తల మొదలైంది. జేబులకెళ్లి కండ్లద్దాలు తీసి పెట్టుకోని సూసిండు. కండ్లద్దాలు లేకుండ నేసినా వరుస ఏడా తప్పలే, దారం దారం ఒత్తుగ కూసున్నది. ఆమె రుద్దిన చెయ్యి నేసిన పని అది. గుంజుదామని సూస్తె వేళ్ళు రావు. మళ్ళ సూసిండు, రావు. ఇక ఇడిచిపెట్టిండు.

ధోతి లాల్చి మడత పెట్టి, మీద ఎర్ర తువ్వాల పెట్టి వినయ్ చేతికిచ్చిండు.

“మంచిగున్నదాన్ని ఊడదీసుడు నాతోని కాదు బిడ్డా. ఆ నెమలిని గట్లనే ఉండనియ్,” అన్నడు.

ఈ నాలుగు దినాల జీతం తీసుకోమని వినయ్ అన్నడు. నెమలి తలకాయ ఇడిచిపోతాన్న గదా, దానికి దీనికి చెల్లు అని నవ్వి మెట్లు దిగిండు.

ఆటోల కూసున్నంక ఒళ్ళు తేలికైంది, ఎంబడే బుగులు సుత పట్టుకున్నది. ఇందిరమ్మకు మొఖం ఎట్ల సూపియ్యాలె? నాలుగంతస్తుల కోసం పోయి నాలుగు దినాలకు వచ్చినవా అంటది. అనకుంటె అది ఇంకా కష్టం. పైగ ఎడమ పక్క ఎవరో కూసున్నరు. వాళ్ళ చెయ్యి కుదిరిందనుకో, తన జాగ ఇక పోయినట్టే. హైదరాబాద్ వాటాను ఇడిచిపెట్టంగ లేని బాధ ఆ మాటకు అయ్యింది. సందు మొదట్లనే దిగి చెవులు రిక్కిచ్చి నడిచిండు. పంజా చప్పుడు ఇనవడుతలేదు.

లోపల లైటు ఉన్నది. ఇందిరమ్మ కుడి పక్క గుంతల కూసోని జంపఖానా మీదికి ఒంగి దారాలు గుంజుతాంది. ఒక్కొక్క వరుస ఊడదీస్తాంది. ఎడమ పక్క గుంతల, తన జాగల, లుంగీ మోకాళ్ళ మీదికి మడిచి, మెడల బంగారు గొలుసు అడ్డం రాకుండ వీపు మీదికి ఏసుకోని, చెమటలు కారంగ చంద్రమౌళి కూసున్నడు.

సదానందం గడప మీదనే నిలబడ్డడు. ఇందిరమ్మ చేతిల దారం సగం ఊడి ఉన్నది, దాచిపెడదామంటె జాగ లేదు. ఆమె మొఖం తప్పు చేసి దొరికిన దాని లెక్క అయ్యింది. దొరికింది సదానందానికి కాదు, చంద్రమౌళికి. పాపం ఆయన అప్పుడే కాళ్ళు కడుక్కోని పోయిండట, తువ్వాల మర్చిపోయినని మళ్ళ వచ్చి సూసేసరికి ఈమె ఊడదీసుకుంట కూసున్నదట. ఏమనాలో తెల్వక మళ్ళ గుంతల కూసున్నడట.

“ఏమనుకోకు అన్నా,” అన్నది ఇందిరమ్మ, కండ్లు ఎత్తకుండ. “నీ దిక్కు వరుస కిందికి పోతాంది. రోజు చెప్దామనుకుంట, నీ సంబురం సూసి నోరు రాదు. నువ్వు పోయినంక ఊడదీస్తాన్న.”

చంద్రమౌళి తన చేతుల దిక్కు సూసుకున్నడు. ఇరవై ఏండ్లు మిషన్ల స్విచ్చులేసిన చేతులు, మెత్తబడ్డయి. నాలుగు దినాలకే అరచేతిల కొత్త బొబ్బలు లేచి నీరు పట్టినయి.

“నాకు ఎరుకే చెల్లె,” అన్నడు. “మంగళవారం పొద్దున వచ్చి సూస్తెనే సోమవారం నేసింది లేదు. ఎరుకయ్యే వచ్చిన. బుధవారం సుత వచ్చిన.”

“మరెందుకొచ్చినవ్ బావా?” అన్నడు సదానందం.

చంద్రమౌళి తల ఎత్తిండు. కండ్లల్ల నీళ్ళున్నయో చెమటనో తెల్వది.

“మూడంతస్తులల్ల ఏ అర్రల కూసున్నా గంట సేపు పొద్దువోతలేదు. ఈ గుంతల కాళ్ళు పెట్టి కూసుంటె పొద్దు ఎట్ల గడిచిందో తెల్వలే. ఊడదీస్తె ఊడదీయనియ్, ఇంకోనాడు కూసోవచ్చనుకున్న.” లేచి గుంతలకెళ్లి బయటికొచ్చి, లుంగీ దులుపుకున్నడు. “నీ జాగ నీకే ఉన్నది బావా. నాతోని ఇగ కాదు, చేతులు మర్చిపోయినయి.”

ఇన్నేండ్లు ఆ మనిషి గడప మీద కూసుంటె కొలుస్తందుకు వచ్చిండనుకున్నడు సదానందం. ఒక్క వరుస కొడ్త అని అడిగితె ఇయ్యలే. ఒక్క వరుస అడిగినోనికి ఇయ్యని పంజా, సుబేదారి అద్దాల ఎనుక ఎవరికి పడితె వాళ్ళకు సూపిచ్చి వచ్చిండు. సిగ్గయింది. అంగీ ఇప్పి దండెం మీద ఏసి, బనీను మీద గుంతల దిగిండు. చంద్రమౌళి కూసున్న పీట ఇంకా ఎచ్చగనే ఉన్నది.

ఇందిరమ్మ ఆటో కిరాయి ఎంతైంది అన్నట్టు ఆయన మొఖం దిక్కు ఒకసారి సూసింది, అంతే. సదానందం కండ్లద్దాలు సవరిచ్చుకోని, ఎడమ సగం మీద వంకర పోయిన వరుసను పట్టుకున్నడు. ఊడదీసుడు నాతోని కాదని చెప్పొచ్చిన మనిషి, దారం ఎనుక దారం సర్రున గుంజబట్టిండు. ఇక్కడ వేళ్ళు ఆగలే. ఊడదీసిన దారాన్ని చంద్రమౌళి గడప మీద కూసోని కండెకు చుట్టిండు. ఆ పని ఆయన చేతులు మర్చిపోలే, చకచక చుట్టినయి. మంచి వరుస కనవడేదాక ముగ్గురు కలిసి తీసిన్రు.

“మెడెట్లున్నది?” అని అడిగింది అప్పుడు ఇందిరమ్మ.

సదానందం మెడ ఇటు తిప్పిండు, అటు తిప్పిండు. వాకిలి దిక్కు తిప్పితె చంద్రమౌళి అడ్డం కూసోని ఉన్నడు. ఆయన నెత్తి ఎనుక ఒక్క పిట్టగోడ కొస కనవడ్డది, మిగిలిందంత మనిషే.

“మంచిగనే తిరుగుతాంది,” అన్నడు.

దారాలు రెండు దిక్కులకెళ్లి వచ్చి నడుమ కలిసినయి. కొక్కెం పడ్డది. ఇద్దరు ఒకరి దిక్కు ఒకరు సూసుకోకుండనే పంజా ఎత్తిన్రు. చప్పుడు ఒక్కటే వచ్చింది. మళ్ళ ఒక్కటే. ఆ చప్పుడు ఇనంగనే సదానందానికి కడుపు నిండినట్టయింది. నాలుగు దినాలు గాజు కప్పుల చాయ్ తాగినా తీరని ఆకలేదో అప్పుడు తీరింది. ఇది దిగినంక ఇంకోటి ఉన్నది, ముసలమ్మకు, భజనోళ్ళు కూసునేటందుకు అని ఇందిరమ్మకు చెప్పిండు. ఎవరా ముసలమ్మ అని ఆమె అడిగింది. తర్వాత చెప్త అన్నడు.

పది వరుసలైనంక ఆగి, పంజా పట్టుకున్న చెయ్యి వాకిలి దిక్కు చాపిండు.

“ఇగో బావా. ఒక్క వరుస కొట్టు. గట్టిగ కొట్టకు, మెల్లగ కొట్టకు, నీ చెల్లె చేతి దిక్కు సూసి కొట్టు.”

చంద్రమౌళి మొఖం దిక్కు సూడలేకపోయిండు సదానందం. చంద్రమౌళి మోకాళ్ళ మీద జరుగుకుంట వచ్చి, పంజా అందుకోని, ఊపిరి బిగబట్టి ఇందిరమ్మ చెయ్యి లేచేదాక ఆగిండు. రెండు పంజాలు పడ్డయి. సదానందం ఒంగి వరుసను వేలితోని తడిమి సూసిండు. కొంచెం కిందికి పోయింది. పోనియ్, బడి పిల్లలు కూసుంటె అదే సర్దుకుంటది అనుకోని, ఊడదీయకుండ ఇడిచిపెట్టిండు.

ఎదురు బిల్డింగు మూడో అంతస్తు మీదికెళ్లి చంద్రమౌళి భార్య సుకన్య బువ్వకు పిలుస్తాంది. ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది.

“పిలుస్తాంది బావా,” అన్నడు సదానందం.

“పిలువనియ్,” అన్నడు చంద్రమౌళి. గడప మీదికి పోయి, గోడకు వీపానిచ్చి, కాళ్ళు బార్లా చాపుకోని కూసున్నడు. “ఇంకో జానెడు నేయున్రి, ఇని పోత.”